రెండు నెలవుల యంత్రం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పరిసరాలలోని ముత్యంపేట వంటి పల్లెలలో వ్యవసాయ బావి దగ్గరకు వెళ్ళిన వారికి మొదట కనిపించేది స్టార్టరు పెట్టె. రైతు పచ్చ బొత్తాము నొక్కగానే ఆ పెట్టెలోని తీగచుట్టలో విద్యుత్తు ప్రవహిస్తుంది. తీగచుట్ట అయస్కాంతమై ఇనుప పలకను లాగి పట్టుకొంటుంది. పలకతో పాటు కదిలిన రాగి తునకలు ఒకదానితో ఒకటి కలిసి మోటారుకు విద్యుత్తును అందిస్తాయి. రైతు వేలు తీసివేసిన తరువాత కూడా మోటారు నడుస్తూనే ఉంటుంది. ఎందుకంటే తీగచుట్ట ఆ పలకను వదలకుండా పట్టుకొనే ఉంటుంది. అయితే అలా పట్టుకొని ఉండడానికి ప్రతి క్షణం కొంత విద్యుత్తు ఖర్చవుతుంది. సరఫరా ఆగిన మరుక్షణం పట్టు సడలి, స్ప్రింగు పలకను వెనుకకు నెట్టివేస్తుంది. మోటారు ఆగిపోతుంది.

ఆ రైతు ఇంటిలో గోడకు ఉన్న దీపపు స్విచ్చి తీరు వేరు. దానిని ఒకసారి కిందికి నొక్కితే కిందనే ఉంటుంది, పైకి నొక్కితే పైననే ఉంటుంది. రాత్రంతా కరెంటు పోయినా స్విచ్చి తన చోటు మారదు. ఉన్నచోట ఉండడానికి దానికి ఏ శక్తీ అక్కరలేదు. స్థానం మార్చడానికి మాత్రమే వేలి బలం కావాలి.

ఈ రెండింటి మధ్య ఉన్న భేదం చూడడానికి చిన్నది, ఆలోచిస్తే పెద్దది. స్టార్టరులోని పలకకు సహజమైన నెలవు ఒక్కటే. రెండవ చోట దానిని బలవంతాన నిలుపవలసి ఉంటుంది. గోడ స్విచ్చికి సహజమైన నెలవులు రెండు. ఇలా రెండు స్థానాలలో దేనిలోనైనా తనంతట తాను నిలువగల యంత్రభాగాన్ని ద్విస్థిర యంత్రాంగం అంటారు. వెంట్రుక మందం కొలతలలో ఇటువంటి యంత్రాంగాలను రూపొందించడం నేటి ఇంజనీరింగు శాస్త్రంలో ఒక ఆసక్తికరమైన శాఖ. వాటి వెనుక ఉన్న సూత్రమేమిటి, వాటిని ఎలా రూపొందిస్తారు, అవి ఎక్కడ తగును, ఎక్కడ తగవు అనే విషయాలను ఈ పాఠంలో తెలుసుకొందాం.

రెండు పల్లాలు, ఒక మిట్ట

వానకాలంలో పొలం గట్టుకు ఇరువైపులా నీరు నిలుస్తుంది. గట్టు మీద నీరు నిలువదు. అక్కడ పడిన ప్రతి చినుకూ ఏదో ఒక పక్కకు జారవలసిందే. ద్విస్థిర యంత్రాంగపు శక్తి స్వరూపం సరిగ్గా ఇటువంటిదే. యంత్రభాగం ఏ స్థానంలో ఉంటే దానిలో ఎంత స్థితిజ శక్తి నిలువ ఉంటుందో లెక్కకట్టి గీత గీస్తే, ఆ గీతలో రెండు పల్లాలు, వాటి నడుమ ఒక మిట్ట కనిపిస్తాయి. ప్రకృతిలో ప్రతి వస్తువూ తక్కువ శక్తి గల స్థితికి చేరాలని చూస్తుంది. కాబట్టి యంత్రభాగం ఏదో ఒక పల్లంలో స్థిరపడుతుంది. ఈ రెండు పల్లాలను స్థిర సమతాస్థితులు అంటారు. మిట్ట కొన మీద కూడా బలాలు సమంగానే ఉంటాయి. కాని అది అస్థిర సమతాస్థితి. రవంత కదలిక కలిగినా యంత్రభాగం అటో ఇటో జారిపోతుంది.

ఒక పల్లం నుండి మరొక పల్లానికి చేరాలంటే ముందు మిట్ట ఎక్కాలి. అందుకు బయటి నుండి శక్తిని అందించాలి. మిట్ట దాటిన తరువాత బయటి సహాయం అక్కరలేదు. లోపల నిలువ ఉన్న శక్తి తానే మిగిలిన దూరం నడిపిస్తుంది. స్విచ్చి నొక్కినప్పుడు సగం దూరం వేలు నెట్టితే, తక్కిన సగం స్విచ్చి తనంతట తానే టక్కుమని దూకడానికి కారణం ఇదే. ఆ టక్కుమనే శబ్దం మిట్ట దాటిన గుర్తు.

ఆడపిల్లలు జడకు పెట్టుకొనే టిక్ టాక్ క్లిప్పు ఈ సూత్రానికి చక్కని ఉదాహరణ. పలుచని ఉక్కు రేకును రెండు కాళ్ళుగా కత్తిరించి, ఆ కాళ్ళ కొనలను దగ్గరకు లాగి బిగిస్తారు. దానితో రేకు చదునుగా ఉండలేక ఒకవైపు ఉబ్బుతుంది. వేలితో నొక్కితే చటుక్కున రెండవవైపు ఉబ్బుతుంది. ఒక ఉబ్బు క్లిప్పు తెరచిన స్థితి, మరొకటి మూసిన స్థితి. ఇందులో విడిగా స్ప్రింగు లేదు, అయస్కాంతం లేదు. రేకు వంపే యంత్రం.

మొక్కలలో కూడా ఈ నేర్పు ఉన్నది. వీనస్ ఫ్లైట్రాప్ అనే కీటకాహారి మొక్క ఆకు రెండు తమ్మెలుగా ఉంటుంది. పురుగు వాలినప్పుడు ఆ తమ్మెలు సెకనులో సుమారు పదవ వంతు కాలంలో మూసుకొంటాయి. మొక్కకు కండరాలు లేవు కదా, ఇంత వేగం ఎలా వచ్చింది? యోయెల్ ఫోర్టెర్, ఎల్. మహదేవన్ మొదలైన శాస్త్రజ్ఞులు 2005లో ప్రచురించిన పరిశోధనలో దీనికి సమాధానం చెప్పారు. ఆకు వెలుపలికి వంగిన స్థితిలో శక్తిని దాచుకొని, మిట్ట దాటగానే లోపలి వంపులోకి దూకుతుందని వారు నిరూపించారు.

నిలుపుకొనే మార్గాలు

శక్తి ఖర్చు లేకుండా స్థానాన్ని నిలుపుకొనే ఉపాయం మనిషికి కొత్తది కాదు. తలుపు గడియ అటువంటిదే. అయితే నిలుపుకొనే మార్గం అన్ని చోట్లా ఒక్కటి కాదు.

మొదటి మార్గం ఘర్షణ. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాలువల మీద తూములకు ఇనుప షట్టర్లు ఉంటాయి. మర ఉన్న కడ్డీని తిప్పి షట్టరును పైకి లేపుతారు. తిప్పడం ఆపితే షట్టరు ఆ ఎత్తులోనే ఆగుతుంది. ఎంత బరువు ఉన్నా కిందికి జారదు. మర వాలు తక్కువగా ఉండడం వలన బరువు మరను తిప్పజాలదు, ఘర్షణ దానిని పట్టి ఉంచుతుంది. ఈ పద్ధతిలో రెండు స్థానాలే కాదు, ఏ స్థానంలోనైనా నిలుపవచ్చును.

రెండవ మార్గం గాడి. సిరిసిల్లలో సాంచా అని పిలిచే మరమగ్గాన్ని గమనించవచ్చును. సాదా మరమగ్గంలో మగ్గాన్ని నడిపించే పిడి ఒక గాడిలో కూర్చొని ఉంటుంది. దానిని అక్కడ ఎవరూ పట్టుకొని ఉండనక్కరలేదు. నాడెలోని పేక దారం తెగినప్పుడు, దారం ఉన్నదో లేదో తడిమి చూసే చిన్న ముల్లుగరిట వంటి భాగం కదిలి, ఆ పిడిని గాడి నుండి తప్పిస్తుంది. పిడి తన స్థితిస్థాపకత వలన రెండవ చోటికి దూకుతుంది, మగ్గం ఆగుతుంది. దారమంత సన్నని వస్తువు తెగినందుకు అంత పెద్ద మగ్గం ఆగడం ఇందులోని విశేషం. పిడి మిట్ట అంచున సిద్ధంగా ఉన్నది కనుకనే అంత చిన్న కదలిక సరిపోయింది.

మూడవ మార్గం శాశ్వత అయస్కాంతం. బ్యాటరీతో నడిచే బిందు సేద్యపు కంట్రోలర్లలో, విద్యుత్ స్మార్ట్ మీటర్లలో దీనిని వాడతారు. తీగచుట్టలో క్షణకాలం విద్యుత్తు ప్రవహింపజేస్తే లోపలి కడ్డీ శాశ్వత అయస్కాంతం దగ్గరకు చేరి అతుక్కొంటుంది. ఆ తరువాత విద్యుత్తు ఆపినా కడ్డీ కదలదు. వ్యతిరేక దిశలో మరొకసారి విద్యుత్తు పంపితే అయస్కాంతపు పట్టు సడలి, స్ప్రింగు దానిని వెనుకకు పంపుతుంది.

నాల్గవ మార్గం, టిక్ టాక్ క్లిప్పులో చూసినట్లు, పదార్థపు స్థితిస్థాపకత. అతి చిన్న యంత్రాలకు ఎక్కువగా పనికివచ్చినది ఈ మార్గమే. దానికి కారణం కొలతలలో ఉన్నది.

చిన్నతనం తెచ్చే చిక్కులు

ఒక వస్తువును పొడవు, వెడల్పు, మందాలలో వెయ్యి రెట్లు చిన్నది చేస్తే దాని బరువు నూరు కోట్ల రెట్లు తగ్గుతుంది. ఉపరితలం మాత్రం పది లక్షల రెట్లే తగ్గుతుంది. కాబట్టి వస్తువు చిన్నదయ్యే కొద్దీ బరువు ప్రభావం క్షీణించి, ఉపరితలాల ప్రభావం హెచ్చుతుంది. తూము షట్టరును పట్టి ఉంచే ఘర్షణ సూక్ష్మలోకంలో నమ్మదగిన సేవకుడు కాదు. గాలిలోని తేమ కూడా రెండు నున్నని ఉపరితలాలను ఒకదానికొకటి అంటుకొనిపోయేటట్లు చేస్తుంది. చీలలు, కీళ్ళు, పళ్ళచక్రాలు అరిగిపోతాయి. వాటిలో నూనె వేయడం సాధ్యం కాదు. వెంట్రుక కన్న సన్నని భాగాలను ఒక్కొక్కటిగా బిగించి యంత్రాన్ని కూర్చడం ఇంకా కష్టం.

ఈ చిక్కుకు ఇంజనీర్లు కనుగొన్న పరిష్కారం కీలునే తొలగించడం. భాగాలను కీళ్ళతో కలిపే బదులు యంత్రాన్నంతా ఒకే ముక్కగా చెక్కి, అందులోని సన్నని చోట్లు వంగడం ద్వారా కదలిక వచ్చేటట్లు చేస్తారు. వీటిని సునమ్య యంత్రాంగాలు అంటారు. మనిషి నడిచినప్పుడు ఎముకల కీళ్ళు కదులుతాయి. గాలి వీచినప్పుడు వరి కంకి కీలు లేకుండానే వంగి లేస్తుంది. సునమ్య యంత్రాంగం ఈ రెండవ దారిని అనుసరిస్తుంది. కీలు లేదు కనుక అరుగుదల లేదు, సందు లేదు, నూనె అక్కరలేదు.

ఈ రంగంలో తెలుగు నేలతో సంబంధం గల కృషి పేర్కొనదగినది. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివిన ఆచార్య శ్రీధర్ కోట అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో సునమ్య యంత్రాంగాల మీద విస్తృతంగా పరిశోధించారు. ఆయన స్థాపించిన ఫ్లెక్స్‌సిస్ సంస్థ, కీళ్ళు లేకుండా వంగే విమానపు రెక్క అంచును రూపొందించింది. నాసా 2014 నవంబరులో దానిని ఒక గల్ఫ్‌స్ట్రీమ్ విమానానికి అమర్చి ఆకాశంలో పరీక్షించడం మొదలుపెట్టింది. ఆచార్య కోట దగ్గర పరిశోధన చేసి 1994లో డాక్టరేటు పొందిన జి. కె. అనంతసురేశ్, సూక్ష్మ యంత్రాల కోసం సునమ్య యంత్రాంగాలను క్రమపద్ధతిలో రూపొందించే మార్గాన్ని చూపినవారిలో ముఖ్యులు. కాగితాలకు పిన్ను కొట్టే స్టాప్లరును ఒకే ముక్కగా తయారుచేయవచ్చునని 1990 దశకం నడిమి సంవత్సరాలలో ఆయన తన సహచరునితో కలిసి చేసి చూపారు. 2004 నుండి బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యులుగా పరిశోధన సాగించి, 2010లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం అందుకొన్నారు. ద్విస్థిర వంపుల రూపకల్పన ఆయన పరిశోధనలో ఒక ముఖ్య భాగం.

సిలికాన్‌లో చెక్కిన వంపు

కంప్యూటరు చిప్పులకు మూలమైన సిలికాన్ కేవలం విద్యుత్ పదార్థమే కాదు. అది యాంత్రికంగా కూడా ఉత్తమమైన పదార్థమని కర్ట్ పీటర్సన్ 1982లో ప్రచురించిన వ్యాసంలో వివరంగా చూపారు. సిలికాన్ స్ఫటికం వంగుతుంది, వదిలితే పూర్వస్థితికి వస్తుంది, లోహం వలె క్రమంగా సాగిపోదు. అయితే హద్దు మీరి వంచితే గాజు వలె పగులుతుంది. 1990లో బీట్ హేల్గ్ అనే పరిశోధకుడు ఒక అతి చిన్న వంపు పట్టీని జ్ఞాపక కణంగా వాడవచ్చునని చూపాడు. పట్టీ పైకి ఉబ్బితే ఒకటి, కిందికి ఉబ్బితే సున్న. విద్యుత్తు పోయినా ఆ సంఖ్య చెరిగిపోదు.

అయితే టిక్ టాక్ క్లిప్పు వలె కాళ్ళను లాగి బిగించడం సిలికాన్ పట్టీకి సులభం కాదు. చెక్కినప్పుడే వంపుగా ఉండి, ఆ తరువాత బిగించే పని లేకుండా రెండు స్థానాలలో నిలిచే పట్టీ కావాలి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన జిన్ చియు, జెఫ్రీ లాంగ్, అలెగ్జాండర్ స్లోకమ్ 2004లో దీనికి స్పష్టమైన మార్గం చూపారు. జర్మనీలోని బాష్ సంస్థ 1990 దశకంలో రూపొందించిన లోతైన చెక్కుడు పద్ధతి వలన, సిలికాన్ పలకలో నిలువు గోడల వంటి సన్నని పట్టీలను కోరిన వంపుతో చెక్కడం అప్పటికే సాధ్యమయింది.

రెండు కొనలూ గట్టిగా బిగిసి ఉన్న ఒక వంపు పట్టీని ఊహించండి. దాని నడుమ నెట్టితే అది నిటారుగా దిగదు. ఒక పక్క ముందుగా దిగి, రెండవ పక్క పైననే ఉండి, పాము మెలిక వంటి ఆకారం దాలుస్తుంది. ఆ మెలిక ద్వారా శక్తి జారిపోవడం వలన నడుమ మిట్ట తగ్గి, రెండవ పల్లం ఏర్పడదు. చేయి తీయగానే పట్టీ మొదటి చోటికే తిరిగి వస్తుంది. దీనిని నివారించడానికి వారు ఒకే విధమైన రెండు పట్టీలను సమాంతరంగా చెక్కి, వాటి నడుములను ఒక గట్టి బంధంతో కలిపారు. కాడికి కట్టిన జత ఎడ్లలో ఒకటి పక్కకు తిరగబోతే రెండవది తిరగనీయనట్లు, ఆ బంధం పట్టీలను మెలిక తిరగనీయదు. అప్పుడు నడిమి భాగం సూటిగా దిగి రెండవ స్థానంలో నిలుస్తుంది.

రెండవ ముఖ్య విషయం కొలతల నిష్పత్తి. వంపు ఎత్తును పట్టీ మందంతో భాగిస్తే వచ్చే సంఖ్య 2.31 కన్న ఎక్కువగా ఉండాలని వారి లెక్కలో తేలింది. అంతకన్న తక్కువైతే పట్టీ వంగుతుంది కాని నిలువదు. వంపు పెరిగే కొద్దీ రెండవ స్థానపు పట్టు గట్టిపడుతుంది. అయితే రెండు పల్లాల లోతు సమానం కాదు. చెక్కినప్పటి స్థానమే లోతైనది. బాగా వంపు ఉన్న పట్టీని మొదట నెట్టడానికి కావలసిన బలంలో సుమారు సగం బలంతోనే వెనుకకు రప్పించవచ్చును.

ఒక ఉదాహరణ చూద్దాం. పట్టీ పొడవు 3 మిల్లీమీటర్లు, మందం 10 మైక్రాన్లు, వంపు ఎత్తు 60 మైక్రాన్లు, లోతు 300 మైక్రాన్లు అనుకొందాం. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాన్. ఎత్తును మందంతో భాగిస్తే 6 వస్తుంది. ఇది 2.31 కన్న ఎక్కువ, కాబట్టి పట్టీ ద్విస్థిరం. దాని నడుము ప్రయాణించే దూరం వంపు ఎత్తుకు దాదాపు రెట్టింపు, అనగా 120 మైక్రాన్లకు కొంచెం తక్కువ. ఇది మనిషి వెంట్రుక మందం కన్న ఎక్కువే. జత పట్టీలను మొదట నెట్టడానికి కావలసిన బలం సుమారు ఒకటిన్నర గ్రాముల బరువుకు సమానం. ఈ ప్రయాణంలో సిలికాన్‌లో కలిగే వికృతి వెయ్యి భాగాలలో సుమారు ఒకటిన్నర భాగం. లోపాలు లేకుండా చెక్కిన సిలికాన్ దీనిని తట్టుకొంటుంది.

రూపకర్త చేతిలో ఉన్నవి ఈ కొలతలే. మందాన్ని రెట్టింపు చేస్తే కావలసిన బలం ఎనిమిది రెట్లవుతుంది, వంపు నిష్పత్తి సగమవుతుంది. పొడవును రెట్టింపు చేస్తే బలం ఎనిమిదవ వంతుకు తగ్గుతుంది, పదార్థం మీద ఒత్తిడీ తగ్గుతుంది, కాని యంత్రం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఎత్తును పెంచితే పట్టు పెరుగుతుంది, పగిలే ప్రమాదమూ పెరుగుతుంది. ఒకటి కోరితే మరొకటి వదులుకోవలసి వస్తుంది. రూపకల్పన అనగా ఈ ఇచ్చిపుచ్చుకోవడమే.

వంపు ఆకారం ఒకే రకంగా ఉండాలన్న నియమం లేదు. అనంతసురేశ్, ఆయన సహపరిశోధకుడు సఫ్వాన్ పలత్తింగల్ 2017లో ప్రచురించిన పరిశోధనలో ఈ విషయాన్ని మరింత సాధారణమైన పద్ధతిలో పరిశీలించారు. నిటారు పట్టీని కొనల నుండి ఒత్తితే అది వంగే సహజ ఆకారాలు కొన్ని ఉంటాయి. ఏ వంపునైనా ఈ మూల ఆకారాల మిశ్రమంగా చెప్పవచ్చును. ఏ ఆకారం ఎంత పాలు కలిసినదో తెలిస్తే, ఆ వంపు ఎక్కడ దూకుతుందో, ఎక్కడ నిలుస్తుందో లెక్కతో ముందుగా చెప్పవచ్చును. చేసి చూసి, విరిగితే మార్చే పద్ధతి నుండి, లెక్కించి చేసే పద్ధతికి ఇది మార్గం.

పొదుపు ఎంత?

నిలుపుకోవడానికి శక్తి అక్కరలేదన్నది మాటకు ఇంపుగానే ఉన్నది. అది ఎంత పొదుపో లెక్క చూస్తే గాని తెలియదు. పెన్సిల్ సెల్ అని పిలిచే సాధారణ బ్యాటరీలో సుమారు 13,500 జౌళ్ళ శక్తి ఉంటుంది. ఒక చిన్న విద్యుదయస్కాంతపు రిలేను పట్టి ఉంచడానికి వాటులో పదవ వంతు శక్తి కావాలనుకొందాం. రోజుకు 86,400 సెకన్లు. అనగా ఒక్క రోజుకు 8,640 జౌళ్ళు. బ్యాటరీ ఒకటిన్నర రోజుకే ఖాళీ అవుతుంది.

అదే పనిని ద్విస్థిర యంత్రాంగం చేస్తే, స్థానం మార్చేటప్పుడు సెకనులో నూరవ వంతు కాలం పాటు ఒక వాటు శక్తి ఇచ్చినా ఖర్చు జౌలులో నూరవ వంతే. రోజుకు నాలుగుసార్లు మార్చినా జౌలులో ఇరవై ఐదవ వంతు. ఈ లెక్కన అదే బ్యాటరీ తొమ్మిది వందల ఏండ్లకు పైగా రావాలి. నిజానికి బ్యాటరీ వాడకపోయినా కొన్ని ఏండ్లలో తానే క్షీణిస్తుంది. పరికరంలోని తక్కిన భాగాలు కూడా శక్తిని వాడతాయి. కాని నిలుపుకోవడమనే పని మాత్రం ఖర్చుల పట్టిక నుండి పూర్తిగా తొలగిపోతుంది. కరెంటు తీగ చేరని చేను నడుమ ఉండే నీటి వాల్వుకైనా, రోగి శరీరంలో అమర్చే పరికరానికైనా ఈ తేడా ప్రాణప్రదమైనది. శరీరంలోని బ్యాటరీ అయిపోతే మార్చడానికి మరొక శస్త్రచికిత్స కావాలి కదా.

సూక్ష్మ యంత్రాంగాన్ని నెట్టడానికి సాధారణంగా వేడిని వాడతారు. సన్నని సిలికాన్ పట్టీలో విద్యుత్తు ప్రవహిస్తే అది వేడెక్కి వ్యాకోచించి, పక్కనున్న ద్విస్థిర పట్టీని నెట్టుతుంది. విద్యుత్తు ఆగగానే చల్లబడి వెనుకకు తగ్గుతుంది. ద్విస్థిర పట్టీ మాత్రం కొత్త చోట నిలిచిపోతుంది. విద్యుదావేశాల ఆకర్షణను, విద్యుదయస్కాంతాన్ని కూడా వాడవచ్చును.

కుదుపు తగిలితే ఈ యంత్రం తనంతట తానే స్థానం మార్చుకోదా అన్న సందేహం కలుగవచ్చు. ఇక్కడ చిన్నతనమే రక్షణ. కదిలే భాగం బరువు ఒక మిల్లీగ్రాము అనుకొంటే, భూమ్యాకర్షణకు వంద రెట్లు తీవ్రమైన కుదుపు తగిలినా దాని మీద పడే బలం నూరు మిల్లీగ్రాముల బరువుకు సమానం. పైన చెప్పిన జత పట్టీలను వెనుకకు రప్పించాలంటే సుమారు ఏడు వందల మిల్లీగ్రాముల బరువు కావాలి. కాబట్టి అది చలించదు.

నిలువవలసిన చోటు, వదలవలసిన చోటు

ఇంత మేలైనదైతే స్టార్టరు పెట్టెలో కూడా ద్విస్థిర యంత్రాంగాన్నే పెట్టవచ్చును కదా అనిపించవచ్చు. పెట్టకపోవడానికి బలమైన కారణం ఉన్నది. కరెంటు పోయినప్పుడు రైతు మోటారు దగ్గరకు చేరి తీగలు సరిచేస్తూ ఉండవచ్చును. స్టార్టరు తన స్థానాన్ని నిలుపుకొని ఉంటే, సరఫరా తిరిగి రాగానే మోటారు హఠాత్తుగా తిరగడం మొదలవుతుంది. అది ప్రాణాపాయం. అంతేకాక ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది మోటార్లన్నీ ఒకేసారి మొదలైతే దాని మీద మోయలేని భారం పడుతుంది. స్టార్టరు కరెంటు పోగానే పట్టు వదలడం లోపం కాదు. అది కోరి చేసిన ఏర్పాటు.

తెలంగాణలో వ్యవసాయానికి కరెంటు విడతలుగా, తరచు రాత్రివేళల్లో వచ్చిన రోజులలో చాలామంది రైతులు ఆటో స్టార్టర్లు అమర్చుకొన్నారు. సరఫరా రాగానే మోటారును తిరిగి నడిపించే పరికరమిది. చీకటిలో బావి దగ్గరకు వెళ్ళే బాధ తప్పించడం దాని మేలు. 2018 జనవరి 1 నుండి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా ప్రారంభమైనది. దానికి ముందు 2017లో ఆటో స్టార్టర్లను తొలగించవలసిందని ప్రభుత్వం రైతులను కోరింది. కరెంటు ఎప్పుడూ ఉంటే ఆటో స్టార్టరు మోటారును అవసరం లేకున్నా నడిపిస్తూ భూగర్భజలాన్ని హరిస్తుందన్నదే అందుకు కారణం. పరికరం మారలేదు, దాని చుట్టూ ఉన్న పరిస్థితి మారింది. నిన్న మేలు చేసినది నేడు కీడు చేయవచ్చునని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

కాబట్టి రూపకర్త ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇది: శక్తి అందని క్షణంలో ఈ యంత్రం ఏ స్థితిలో ఉండడం క్షేమం? ఒకే ఒక స్థితి క్షేమమైతే, శక్తి పోగానే ఆ స్థితికి చేరే ఏకస్థిర యంత్రాంగం కావాలి. ఉన్న స్థితిలోనే ఉండడం క్షేమమైతే ద్విస్థిర యంత్రాంగం కావాలి. బిందు సేద్యపు వాల్వు విషయంలోనూ ఈ ఆలోచన తప్పదు. వాల్వు తెరచి ఉన్నప్పుడు బ్యాటరీ అయిపోతే అది తెరచే ఉంటుంది. అందువలన మంచి కంట్రోలర్లు చివరి కొంత శక్తిని వాల్వు మూయడానికి దాచి ఉంచాలి. మరొక జాగ్రత్త కూడా ఉన్నది. ద్విస్థిర యంత్రానికి తన స్థానం గుర్తుంటుంది కాని, దానిని నడిపే చిప్పుకు కరెంటు పోయి వచ్చిన తరువాత ఆ స్థానం గుర్తుండకపోవచ్చు. కనుక యంత్రం ఎక్కడ ఉన్నదో అడిగి తెలుసుకొనే ఏర్పాటు ఉండాలి.

సూక్ష్మ ద్విస్థిర యంత్రాంగాలు కంటికి ఆనవు. జడ క్లిప్పులోని రేకు, మరమగ్గపు పిడి, గోడ మీది స్విచ్చి వాటికి పెద్దక్కలు, పెద్దన్నలు. అన్నింటిలోనూ సూత్రం ఒక్కటే. కదలడానికి శక్తి కావాలి, నిలువడానికి మాత్రం సరైన ఆకారం చాలును. శక్తిని ఖర్చు చేసి సాధించే పనిని ఆకారంతో సాధించవచ్చునా అని ఆలోచించడం ఇంజనీరు నేర్పు. ఎక్కడ నిలుపుకోవాలో, ఎక్కడ వదలిపెట్టాలో నిర్ణయించడం ఇంజనీరు వివేకం. మొదటిది లెక్కలతో అబ్బుతుంది. రెండవది ఆ యంత్రం పక్కన నిలబడి పనిచేసే మనిషిని తలచుకొన్నప్పుడే అబ్బుతుంది.

అభ్యాసం

1. స్టార్టరు పెట్టెకు, గోడ స్విచ్చికి గల భేదాన్ని వివరించండి.
2. శక్తి ఖర్చు లేకుండా స్థానాన్ని నిలుపుకొనే మార్గాలను ఉదాహరణలతో తెలపండి.
3. సూక్ష్మ యంత్రాలలో కీళ్ళను తొలగించడానికి కారణాలేమిటి?
4. రెండు వంపు పట్టీల నడుములను బంధంతో ఎందుకు కలిపారు?
5. 'నిన్న మేలు చేసినది నేడు కీడు చేయవచ్చును' అనే వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.
6. మీ ఇంటిలో, పొలంలో లేదా మగ్గం దగ్గర కనిపించే ద్విస్థిర వస్తువులను గుర్తించి, వాటిలో ఒకదాని పనితీరును పది వాక్యాలలో రాయండి.